పరదేశి వర్తకుడు – ప్రభుత్వపు మాట

బాపట్ల జిల్లాలో సముద్రపుటొడ్డున మోటుపల్లి యను గ్రామము కలదు. నేడది చిన్న యూరు. పదమూడవ శతాబ్దమున మాత్రము దేశదేశముల ఓడలు వచ్చి నిలిచిన రేవు. అచ్చట ఒక రాతిస్తంభముపై కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45 ప్రాంతమున చెక్కించిన శాసనము కలదు. చరిత్రకారులు దీనిని అభయశాసనమందురు. అంతకు పూర్వము తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకును తీరమునేలు రాజులు బలవంతముగా లాగుకొనెడివారు. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పించెను. సరుకులపై ముప్పదింట నొక వంతు సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని పరదేశి వర్తకులకు మాట యిచ్చి, ఆ మాటను రాతిపై నిలిపెను.

ఈ శాసనమున గమనింపదగిన సంగతి యొకటి యున్నది. సముద్రమువలన కలుగు భయమును ఏ రాజును తీర్చలేడు. గణపతిదేవుడు తీర్చినది రాజువలన కలుగు భయమును. సుంకము లేదని ఆయన చెప్పలేదు. ఇంత యని చెప్పెను. సరుకు కొనుటకు ముందే, ఓడ నెక్కుటకు ముందే, వర్తకుడు తన లాభనష్టములను లెక్క చూచుకొనుటకు అది చాలును.

ఏడున్నర శతాబ్దములు గడచినవి. నేడును మనుష్యులు వ్యాపారము కొరకు సముద్రములు దాటుచునే యున్నారు. ఓడకు బదులు విమానము. సరుకునకు బదులు పెక్కుమారులు ఒక ఆలోచన మాత్రమే. క్రొత్త ఆలోచన యొకటి పట్టుకొని, దానికి పెట్టుబడి సంపాదించి, పదిమందికి పని కల్పించు సంస్థను పరాయిదేశమున నెలకొల్పగోరువారిని గూర్చి ఈ ప్రసంగమున ముచ్చటింపదలచినాము. ఇట్టి సంస్థలను ఈనాటి పత్రికలు స్టార్టప్‌లనియు, అంకుర సంస్థలనియు పిలుచుచున్నవి.

ఇది మన శ్రోతలకు దూరపు విషయము కాదు. హైదరాబాదు, వరంగల్లు, విజయవాడ, గుంటూరు వంటి పట్టణములలో, ఇంజనీరింగు చదువుటకు అమెరికా వెళ్ళిన పిల్లలు లేని బంధువర్గము నేడరుదు. వారిలో కొందరు చదువు ముగించి, కొంతకాలము ఉద్యోగము చేసి, తుదకు సొంతముగా నేదైన పెట్టవలెనని తలంతురు. ధనము సమకూరిన పిమ్మట, నేర్పు కలిగిన పిమ్మట కూడ వారినొక ప్రశ్న వెన్నాడును: ఈ దేశమున మనమెంతకాలముండవచ్చును? ఆ ప్రశ్నకు ప్రభుత్వము చెప్పు సమాధానము మాటిమాటికి మారుచుండుటవలన ఏమి జరుగుచున్నదో చూతము.

అమెరికాలో వలస విధానము మూడు అంచెలలో నడచును. మొదటిది చట్టము. దీనిని కాంగ్రెసులోని రెండు సభలును ఆమోదించి, అధ్యక్షుడు సంతకము చేయవలెను. 1952 నాటి వలస, జాతీయతా చట్టము నేటికిని మూలము. 1965లోను, 1990లోను దానిని పెద్దగా సవరించిరి. రెండవది నిబంధన. చట్టమిచ్చిన అధికారముతో ప్రభుత్వశాఖ దీనిని వ్రాయును. సామాన్యముగా దానిని ముందు ప్రకటించి, ప్రజల అభిప్రాయములు విని, పిమ్మట అమలు పరుపవలెను. మూడవది అధ్యక్షుని ప్రకటన, లేదా అధికారుల ఉత్తరువు. ఇది యొక సంతకముతో పుట్టి, మరియొక సంతకముతో పోగలదు. మొదటిదానిని రాతిపై వ్రాత యనియు, రెండవదానిని తాటాకుపై వ్రాత యనియు, మూడవదానిని ఇసుకపై వ్రాత యనియు గుర్తుంచుకొన్నచో తక్కిన కథ సులభముగా బోధపడును.

మన పిల్లలకు మిక్కిలి పరిచితమైన హెచ్-1బి వీసా 1990 నాటి చట్టమువలన వచ్చినది. ఇది ప్రత్యేకవిద్య అవసరమైన ఉద్యోగములకు. దరఖాస్తు పెట్టవలసినవాడు యజమాని, ఉద్యోగి కాదు. సంవత్సరమునకు 65,000 అని పరిమితి పెట్టిరి. కంప్యూటరు పరిశ్రమ విజృంభించిన దినములలో కాంగ్రెసు దానిని తాత్కాలికముగా పెంచి, 2001 నుండి 2003 వరకు గల ఆర్థిక సంవత్సరములలో 1,95,000 చేసెను. 2004లో అది మరల 65,000కు దిగెను. పిమ్మట అమెరికా విశ్వవిద్యాలయములలో ఉన్నతపట్టము పొందినవారికని మరి 20,000 చేర్చిరి. కోరువారు అంతకు మించినపుడు చీటీలు వేసినట్లుగా ఎంపిక చేయుదురు.

ఈ వీసాలో యజమాని వేరు, ఉద్యోగి వేరు. మరి తానే సంస్థ పెట్టినవాడు తనకు తానే యజమాని కావచ్చునా? 2010 జనవరిలో అధికారులొక లేఖ వెలువరించి, ఉద్యోగిని అదుపు చేయు హక్కు యజమానికున్నట్లు చూపవలెననిరి. సంస్థాపకులకిది పెద్ద అడ్డంకి యయ్యెను. 2011లో, సంస్థకు వేరుగా పాలకమండలి యుండి, సంస్థాపకుని సైతము తొలగించు అధికారము ఆ మండలికున్నచో అర్హత కలుగవచ్చునని వివరణ యిచ్చిరి. 2020లో మొదటి లేఖనే ఉపసంహరించిరి. 2025 జనవరి 17 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనలో, సంస్థలో అధికభాగము తనదైనవానికిని ఈ వీసా లభింపవచ్చునని స్పష్టముగా వ్రాసిరి; అయితే మొదటి అనుమతిని, మొదటి పొడిగింపును 18 నెలలకు పరిమితము చేసిరి. ఒక్క ప్రశ్నకు పదునైదేండ్లలో నాలుగు సమాధానములు వచ్చినవన్నమాట.

వేరు మార్గములు లేవా యని శ్రోతలడుగవచ్చును. పెట్టుబడితో వచ్చువారికి ఇ-2 అను వీసా కలదు. కాని అది అమెరికాతో తగిన వాణిజ్యసంధి గల దేశముల పౌరులకే. భారతదేశమునకట్టి సంధి లేదు. ఇబి-5 అను మార్గములో, నిర్ణీతమైన పెట్టుబడి పెట్టి 10 మందికి ఉద్యోగములు కల్పించినవారికి శాశ్వత నివాసము లభించును. గ్రామీణ ప్రాంతములలోను, నిరుద్యోగ మెక్కువగా నున్న ప్రాంతములలోను ఈ పెట్టుబడి చాలకాలము 5 లక్షల డాలర్లుగా నుండెను. 2019 నవంబరులో దానిని 9 లక్షలు చేసిరి. 2021 జూన్‌లో ఒక న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేయగా మరల 5 లక్షలయ్యెను. ఆ నెల తుదికే పథకములో ముఖ్యభాగమునకు గడువు తీరిపోయెను. 2022 మార్చిలో కాంగ్రెసు క్రొత్త చట్టము చేసి 8 లక్షలుగా నిర్ణయించెను. రెండున్నరేండ్లు నిండక మునుపే ఒకే ద్వారమునకు వెల మూడుమారులు మారినది.

అంకుర సంస్థల స్థాపకులకని ప్రత్యేకమైన వీసా నొకటి కల్పింపవలెనని 2010లో సెనేటర్లు జాన్ కెర్రీ, రిచర్డ్ లూగర్ ఒక బిల్లును ప్రతిపాదించిరి. అది చట్టము కాలేదు. తరువాత వచ్చిన అట్టి బిల్లులును గట్టెక్కలేదు. రాతిపై వ్రాయుట పడనందున, ప్రభుత్వశాఖ తాటాకుపై వ్రాయుటకు పూనుకొన్నది. అట్లు పుట్టినదే అంతర్జాతీయ పారిశ్రామికుల నిబంధన. 2017 జనవరి 17న దీనిని ప్రకటించి, అదే సంవత్సరము జూలై 17 నుండి అమలు చేయుదుమనిరి.

ఈ నిబంధన ఇచ్చునది వీసా కాదు. దీనిని పెరోల్ అందురు. ఆ మాట మనకు కారాగారముల సందర్భమున పరిచితము. అమెరికా వలసచట్టమున దానికి, ప్రభుత్వము తన విచక్షణతో తాత్కాలికముగా దేశమున నుండనిచ్చుట యని యర్థము. సంస్థ పుట్టి 5 సంవత్సరములు మించియుండరాదు. స్థాపకునికి కనీసము 10 శాతము వాటా యుండవలెను. అర్హులైన అమెరికా పెట్టుబడిదారులు 2,50,000 డాలర్లు పెట్టియుండవలెను. లేదా ప్రభుత్వ సంస్థలు 1,00,000 డాలర్ల సహాయము చేసియుండవలెను. ఈ మొత్తములను ధరలననుసరించి మూడేండ్లకొకమారు సవరింతురు. 2024 అక్టోబరులో అవి 3,11,071, 1,24,429 డాలర్లయినవి. ఒక సంస్థనుండి ముగ్గురికి మించి అనుమతి యుండదు. గడువు 30 నెలలు. సంస్థ తగిన వృద్ధి చూపినచో మరి 30 నెలలు. అనుమతిని ఎప్పుడైనను రద్దుచేయు అధికారము మాత్రము ప్రభుత్వము చేతిలోనే యుండును.

ఇక జరిగిన కథ వినుడు. ప్రకటన వెలువడిన మూడవనాడే, 2017 జనవరి 20న, అమెరికాలో ప్రభుత్వము మారినది. అమలునకు ఆరు దినములు ముందు, జూలై 11న, నిబంధనను 2018 మార్చి 14 వరకు వాయిదా వేయుచున్నట్లు ప్రకటించిరి. పెట్టుబడిదారుల సంఘమును, కొందరు సంస్థాపకులును న్యాయస్థానమునకెక్కిరి. ప్రజాభిప్రాయము వినకుండ వాయిదా వేయుట చెల్లదని డిసెంబరు 1న తీర్పు వచ్చెను. దరఖాస్తులు తీసికొనుట మొదలయ్యెను. 2018 మేలో అసలు నిబంధననే తొలగింతుమని ప్రతిపాదన వచ్చెను. ఆ ప్రతిపాదన అట్లే వ్రేలాడుచుండగా మరల ప్రభుత్వము మారెను. 2021 మేలో దానిని ఉపసంహరించిరి. తలుపు మూయలేదు, తెరచినదనియు ధైర్యముగా చెప్పలేరు. నాలుగేండ్లు ఇట్లు గడచినవి.

పరిపాలకుల దృష్టిలో నాలుగేండ్లు ఒక పదవీకాలము. అంకుర సంస్థకు అవి యెట్లుండునో తెలియుటకు, ఒక యువతిని ఊహించుకొందము. ఆమె గుంటూరునుండి వెళ్ళి అచ్చట పట్టము పొందినది. ఇద్దరు స్నేహితులతో కలసి ఆస్పత్రులకుపయోగపడు యంత్రమొకదాని నమూనా తయారుచేసినది. 2017 వసంతమున రెండున్నర లక్షల డాలర్లు పెట్టుటకు ఒక పెట్టుబడిదారుడు సిద్ధపడినాడు. ఆ ధనము ఏడాదిన్నర ఖర్చులకు సరిపోవును. జూలైలో అనుమతి వచ్చునని లెక్క చూచుకొని, గది యద్దెకు తీసికొని, ఇద్దరు పనివారిని కుదుర్చుకొన్నది. జూలైలో వాయిదా వార్త వచ్చినది. పెట్టుబడిదారుడు మంచివాడే, అయినను సంస్థకు తలయైన మనిషి దేశములో నుండునో లేదో తెలియక తక్కిన సొమ్ము నెట్లిచ్చును? ప్రతినెలయు చేతిచమురు వదలుచుండును. తీర్పు వచ్చునాటికి సగము కాలము గడచినది. తొలగింపు ప్రతిపాదన వచ్చునాటికి పనివారు వేరు కొలువులు చూచుకొనిరి. ఈమె సంస్థను ఏ చట్టమును మూయలేదు. ఎదురుచూచుటయే దానిని మూసినది.

అన్నిటికంటె హెచ్చుగా గమనింపదగినది ఇదియే. కఠినమైన నియమమునకు తగినట్లు మనుష్యులు తమ యేర్పాట్లు చేసికొనగలరు. మార్గము లేదని తెలిసినచో మరియొక దేశము వెదకికొందురు. నిలుకడలేని నియమమునకు ఏ యేర్పాటును చేసికొనలేరు. రెంటికి చెడిన రేవడి యగుదురు.

పరిశోధకులు చెప్పు సంఖ్యలను దీనితో కలిపి చూతము. 1980-1998 నడుమ సిలికాన్ లోయలో ఆరంభమైన సాంకేతిక సంస్థలలో 24 శాతము చైనా, భారత సంతతి ఇంజనీర్ల నాయకత్వమున నున్నవని ఆనాలీ సాక్సేనియన్ 1999లో చూపినది. 1995-2005 నడుమ అమెరికాలో పుట్టిన ఇంజనీరింగు, సాంకేతిక సంస్థలలో నాలుగింట నొకదానికి విదేశమున పుట్టిన ముఖ్యస్థాపకుడొకడైన నుండెనని వివేక్ వాధ్వా బృందము 2007లో ప్రకటించినది. ఆ స్థాపకులలో పెక్కుమంది చదువుటకో, ఉద్యోగమునకో వచ్చినవారు. దేశమున కాలుపెట్టిన సగటున 13 సంవత్సరములకు వారు సంస్థలు పెట్టిరి. విత్తు నాటిన పదమూడేండ్లకు కాచు చెట్టిది. ఏటేట నీటికాలువను మరల్చుచు ఆ చెట్టు కాయలేదనుట న్యాయము కాదు.

ఒక దేశమున మూసికొన్న ద్వారము మరియొకచోట తెరచుకొనుటయు కలదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున చదివిన కునాల్ బహల్ 2007లో వీసా దొరకక స్వదేశమునకు తిరిగి వచ్చి, 2010లో స్నేహితుడు రోహిత్ బన్సల్‌తో కలసి ఢిల్లీలో స్నాప్‌డీల్ సంస్థను స్థాపించినాడు. అదే 2010లో చిలీ ప్రభుత్వము విదేశస్థాపకులకు 40,000 డాలర్ల సహాయమును, ఏడాది వీసాను ఇచ్చుటకారంభించినది. కెనడా 2013లో అంకుర సంస్థల వీసాను ప్రయోగముగా పెట్టి, 2018లో శాశ్వతము చేసినది. 2023 జూలైలో, అమెరికాలో హెచ్-1బి వీసాపై నున్న 10,000 మందికి పనిచేయు అనుమతి నిచ్చుటకై ఆ దేశము దరఖాస్తులు తీసికొననారంభింపగా, రెండు దినములు నిండకముందే అవి ఆ సంఖ్యను చేరినవి.

అయితే ఆ దేశముల మాటలును రాతిపై వ్రాసినవి కావు. అంకుర సంస్థల వీసా కొరకు ఒక్కొక్క పోషకసంస్థ ఏడాదికి 10 సంస్థలకు మించి ఆమోదింపరాదని కెనడా 2024 ఏప్రిల్‌లో పరిమితి పెట్టినది. బ్రిటనులో 2008 నుండి యున్న వీసాకు సామాన్యముగా 2,00,000 పౌండ్ల పెట్టుబడి కావలసియుండెను. 2019 మార్చిలో దానిని మూసి, 50,000 పౌండ్లతోను, గుర్తింపు పొందిన సంస్థ ఆమోదముతోను మరియొక మార్గము పెట్టిరి. 2023 ఏప్రిల్‌లో దానినిని మార్చి, ఆ 50,000 నియమమును తొలగించి, ఆమోదమును మాత్రము నిలిపిరి.

ప్రభుత్వముల పక్షమున చెప్పవలసిన మాటయు నున్నది. కాగితముపై మాత్రమే సంస్థలను చూపి నివాసహక్కు సంపాదింపజూచువారు అన్ని దేశములలో నున్నారు. పరదేశులు పెట్టిన ఇబి-5 సొమ్ము దారి మళ్ళిన పెద్ద మోసమొకటి 2016లో వెర్మాంట్ రాష్ట్రమున బయటపడినది. అందు నష్టపోయినవారు ఆ పరదేశులే. తక్కువ వేతనములకు పరాయివారిని దెచ్చి తమ పిల్లల పని పోగొట్టుచున్నారని స్థానికులు చేయు ఫిర్యాదును ఏ ప్రభుత్వమును పెడచెవిని పెట్టజాలదు. తన యింటిలోనికి ఎవరు రావలెనో నిర్ణయించుకొను హక్కు ప్రతి దేశమునకు కలదు. కావున మార్పు తప్పని మేమనుట లేదు. ముందు చెప్పి, గడువిచ్చి, పాత మాట నమ్మి వచ్చినవారికి పాత నియమము చెల్లనిచ్చి మార్చుట వేరు. రాత్రికి రాత్రి మార్చుట వేరు.

రెండవదానికి దృష్టాంతము ఇటీవలిదే. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడొక ప్రకటనపై సంతకము చేసి, క్రొత్త హెచ్-1బి దరఖాస్తులకు 1,00,000 డాలర్లు చెల్లింపవలెనని విధించినాడు. అది 21వ తేదీనుండి, పండ్రెండు నెలల గడువుతో, అమలులోనికి వచ్చునని యుండెను. సెలవులకు స్వదేశము వచ్చినవారు తమకిది వర్తించునో లేదో తెలియక హడావుడిగా విమానములెక్కిరి. ఇప్పటికే వీసా యున్నవారికిది వర్తింపదని వివరణ తరువాత వచ్చినది. పెద్ద సంస్థ యైనచో లక్ష డాలర్లను భరింపవచ్చునేమో. రెండున్నర లక్షల పెట్టుబడితో మొదలైన సంస్థకు అది మూలధనములో ఐదింట రెండు వంతులు.

భార్యాభర్తల సంగతియు చెప్పవలెను. శాశ్వత నివాసమునకు ఒక్కొక్క దేశమునకు 7 శాతమను పరిమితి యున్నందున, భారతీయులు పెక్కేండ్లు వేచియుండవలసి వచ్చుచున్నది. అట్లు వేచియున్న హెచ్-1బి ఉద్యోగుల జీవితభాగస్వాములలో కొందరికి 2015 మే 26 నుండి పనిచేయు అనుమతి నిచ్చిరి. ఈ అనుమతితో సొంత వ్యాపారము పెట్టుకొనుటయు చెల్లును. కొలది యేండ్లకే దీనిని తొలగింతుమను మాట బయలుదేరి, 2021 జనవరిలో ఆ ప్రతిపాదనను ఉపసంహరించువరకు నిలిచియుండెను. అంతకాలమును ఈ అనుమతిపై దుకాణము పెట్టుకొన్నవారు, ఇది రేపుండునో యుండదో యను సందేహముతోనే ప్రతి ఉదయము తలుపు తీయవలసి వచ్చెను.

ఇట్టి పరిస్థితులలో మన కుటుంబములు చేయదగినదేమి? పిల్లవాడో, పిల్లయో విదేశమున సంస్థ పెట్టుదుమని వ్రాసినపుడు పెద్దలు మూడు ప్రశ్నలు వేయుట మంచిది. మొదటిది: నీవు ఆధారపడుచున్న అనుమతి చట్టమా, నిబంధనయా, ఉత్తరువా? దానినిబట్టి అదెంత త్వరలో మారునో తెలియును. రెండవది: అనుమతి ఆరునెలలు ఆలస్యమైనచో సంస్థ నిలుచునా? నిలువనిచో పొలము తాకట్టు పెట్టి సొమ్ము పంపుటకు ముందు మరల నాలోచింపవలెను. మూడవది: నీవు అచ్చట ఉండలేకపోయినచో ఈ పని ఇచ్చటనుండి, లేక మరియొక దేశమునుండి నడచునా? అట్లు నడచు ఏర్పాటు మొదటినుండి యున్నవానికి ప్రభుత్వపు మాట మారినను సర్వము పోదు. పక్కవాని అనుభవముకంటె నియమము ఏ తేదీన వ్రాసినదో చూచుట ముఖ్యము. నిరుడు ఒకరికి చెల్లిన దారి ఈ యేడు చెల్లకపోవచ్చును. తుది సలహా అనుభవము గల న్యాయవాదినుండియే తీసికొనవలెను.

మోటుపల్లి స్తంభము నేటికిని నిలిచియున్నది. ఆ రేవునకు వచ్చిన ఓడలన్నియు లాభముతోనే తిరిగిపోయినవని చెప్పలేము. గాలివానకు కొన్ని మునిగియుండును. బేరము కుదరక కొందరు నష్టపడియుందురు. ఆ నష్టము సముద్రముదియో, సంతదియో యైయుండును. అంతవరకు వర్తకుడు ఓర్చుకొనగలడు. తన కష్టమునకు తోడు ప్రభువు మాట ఎప్పుడు మారునోయను భయము లేనిచోటనే అతడు లంగరు దించును. దేశముల ఏలికలు ఈ సంగతిని గుర్తించినంతవరకు పరదేశులవలన వారికిని, వారివలన పరదేశులకును మేలు జరుగుచుండును.